మెట్ల మీద మైనం

బావమరిది రంగు డబ్బా మూత తెరిచేసరికి మెరుపు మేస్త్రికి నోరు ఎండిపోయింది.

"ఒరేయ్, ఇవాళే వెయ్యాలా? వచ్చే వారం చూసుకుందాంలేరా," అన్నాడు. పొద్దున్నుంచి ఈ మాట అనడం ఇది నాలుగోసారి.

"వచ్చే వారం నాకు స్కూలు గోడల పనుంది బావా. అయినా విడ్డూరం కాకపోతే, రంగంటే పడిచచ్చేవాడివి, నీ ఇంటి మెట్లకి రంగేస్తానంటే నసుగుతావేంటి?"

"నసగట్లేదు. ఆ బూడిద రంగేంట్రా, చచ్చిన రంగు!"

"మెరవని రంగు బావా. అక్క కాలు నిలిచే రంగు. పైన కాస్త సన్నిసుక కూడా చల్లుతా. గరుగ్గా ఉంటే తనకి ధైర్యం వస్తుంది."

మేస్త్రి జేబులోంచి పసుపు గుడ్డ తీసి, ఏమీ తోచక, మెట్ల పక్కన ఉన్న స్విచ్చుల బోర్డు తుడవడం మొదలుపెట్టాడు.

ఇద్దరిదీ రంగుతో పనే. కాకపోతే బావమరిది ఇళ్ళకు రంగులు వేస్తాడు, మేస్త్రి కార్లకు మెరుగు పెడతాడు. ఇరవై రెండేళ్ళుగా ఒకే షెడ్డులో ఆఖరి పని అతనిదే. గీతలు పడి, సొట్టలు తీయించుకుని, ఏడుపు మొహంతో వచ్చిన కారు అతని చేతుల్లోంచి బయటికి వెళ్ళేటప్పుడు, దాని యజమాని ముందు తన మొహం అందులో చూసుకుని జుట్టు సర్దుకుంటాడు. అందుకే షెడ్డులో అందరూ అతన్ని మెరుపు మేస్త్రి అంటారు. ఆ పేరంటే అతనికి లోలోపల మహా ఇష్టం. జేబులో మెత్తటి పసుపు గుడ్డ లేనిదే వీధిలోకి వెళ్ళడు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదురుగా ఏముంటే అది తుడిచేస్తాడు. కళ్ళజోడు, తలుపు గడియ, ఎదుటివాడి చేతి గడియారం. ఒకసారి చుట్టాలింట్లో భోజనానికి కూర్చుని, వడ్డించబోయే ముందు పళ్ళెం తుడిచి నానా మాటలూ పడ్డాడు.

అలాంటి మనిషి ఇంట్లో చెక్క మెట్లు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా?

ఇల్లు ఇరుకు. కింద ముందుగది, వంటగది. పైన పడగ్గది, దాని పక్కన రెండు కిటికీలున్న చిన్న గది. ఆ చిన్న గదిలో అతని భార్య కుట్టుమిషన్. కింది నుంచి పైకి పదమూడు మెట్లు. చెక్క మెట్లతో ఉన్న తంటా ఏమిటంటే, మూలల్లో రంగు పెళ్ళికూతురిలా కళకళలాడుతూ ఉండగానే, కాళ్ళు పడే నడిమధ్యన గుండు కొట్టించినట్టు పోతుంది. రెండేళ్ళకోసారి చూసుకోకపోతే అంచులు విరిగి పేళ్ళు లేస్తాయి. మిగతావాళ్ళయితే ఓ పూత పూసి చేతులు దులుపుకుంటారు. మేస్త్రి మాత్రం కిందటేడు పగుళ్ళలో లప్పం పెట్టి, ఉప్పుకాగితాన్ని నీళ్ళలో ముంచి రుద్ది, ముదురెరుపు మూడు పూతలు వేసి, ఒక్కొక్క మెట్టునూ కారు తలుపులా తయారు చేశాడు.

"మెట్లు నడవడానికండీ, మొహం చూసుకోడానిక్కాదు," అంది భార్య అప్పుడే.

అతను నవ్వేశాడు. అంతటితో ఆగినా బాగుండేది.

ఏడు వారాల కిందట సెలవు రోజున, ఆమె బట్టల దుకాణానికి వెళ్ళిన సమయం చూసి, షెడ్డులో మిగిలిన మైనం డబ్బా తెచ్చాడు. కార్లకు రాసే మైనం. పదమూడు మెట్లకూ పట్టించి, పసుపు గుడ్డతో చేతులు నొప్పులు పుట్టేదాకా రుద్దాడు. కిటికీ వెలుతురు పైమెట్టు నుంచి కిందిమెట్టు దాకా పారింది. ఆమె వచ్చి, చేతిలో సంచులతో పైకి వెళ్ళిపోయింది. ఒక్క మాటా అనలేదు. చూసి కూడా చూడనట్టు పోతుందేమిటని మేస్త్రి అలిగాడు. అడిగితే చెబుదామని కాచుకుని కూర్చున్నాడు. ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అలకకి అంతకంటే పెద్ద కారణాలు అతనికి జీవితంలో ఎప్పుడూ అక్కర్లేదు.

మర్నాడు పొద్దున ఆమె కుట్టిన బట్టల దొంతర గుండెలకు హత్తుకుని, కత్తెర చేత్తో పట్టుకుని దిగుతూ పైనుంచి అయిదో మెట్టు మీద జారింది. చీలమండ విరిగింది. ఆస్పత్రిలో ప్లేటు పెట్టి స్క్రూలు బిగించారు.

ఆటోలో ఎక్కిస్తుండగా పక్కింటాయన "ఎలా జరిగింది?" అన్నాడు. మేస్త్రి నోట్లోంచి దానంతటదే వచ్చింది. "చెప్పు జారిందండీ. పాత రబ్బరు చెప్పులు. పారెయ్యమంటే వినదు." డాక్టరుకీ అదే చెప్పాడు. షెడ్డులోనూ అదే, చుట్టాలకీ అదే. ఆమె ఆస్పత్రిలో ఉండగా ఇంటికొచ్చి టిన్నరుతో మెట్లన్నీ తుడిచేశాడు. మెరుపు పోయి మరకలు మరకలుగా తేలాయి. పని అయిపోయిందనుకున్నాడు.

అయితే అబద్ధానికి ఒక చెడ్డ గుణం ఉంది. ఒకరి మీద వేస్తే అక్కడే ఉండదు, జరుగుతుంది. ఆమె ఇంటికొచ్చిన మూడో రోజున ఆ రబ్బరు చెప్పులు తెప్పించుకుని తిరగేసి చూసింది. అడుగున గళ్ళు గళ్ళుగా కొత్త టైరులా ఉన్నాయి.

"చెప్పులు బాగానే ఉన్నాయండీ," అంది.

"ఆఁ?"

"అంటే కాలే బాగాలేదు. అమ్మకీ ఇలాగే మొదలైంది. నలభై ఏడో ఏట ఊరికే కాలు మడతపడేది. నాకు ఇంకో ఏడాది ముందే వచ్చింది."

ఆ అమ్మ ఆఖరి పదేళ్ళూ మంచం దిగలేదు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు. కాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం మళ్ళీ దొరకదు. అతను ఏం చేశాడయ్యా అంటే, ఆ చెప్పులు అందుకుని, గుడ్డ తీసి, వాటిని తుడిచాడు.

డాక్టరు ఎముక అతుక్కుందన్నాడు, మెట్లెక్కమన్నాడు. ఆమె మాత్రం ముందుగదిలో మంచం వేయించుకుని అక్కడే ఉండిపోయింది. రెండుసార్లు మెట్ల దాకా వచ్చింది. మూడో మెట్టు మీద ఆగి, చెమటలు పట్టి, కూర్చుని జరుగుతూ దిగింది. మిషన్‌ని కింద పెట్టిద్దామన్నాడు మేస్త్రి. మోటారు బిగిద్దామన్నాడు. "తొక్కే కాలినే నమ్మలేనప్పుడు మిషన్ ఎక్కడుంటే ఏమిటండీ," అని ఆమె కొట్టిపారేసింది. కొత్తగా కుట్టు నేర్చుకున్న ఒకావిడకు అమ్మేస్తానని మాటిచ్చింది. ఆవిడ ఆదివారం పదింటికి వచ్చి తీసుకెళ్తుంది.

ఇవాళ శనివారం.

బావమరిదికి ఓ అలవాటుంది. మనుషులున్న ఇంట్లో మెట్లకు రంగు వేసేటప్పుడు ఒకటి విడిచి ఒకటి వేస్తాడు. ముందు సరి మెట్లు, అవి ఆరాక బేసి మెట్లు. ఇంట్లోవాళ్ళ రాకపోకలు ఆగవు, కాకపోతే నాలుగు రోజులు అందరూ కుందేళ్ళలా గెంతాలి. పొద్దున్నే ఉప్పుకాగితంతో పైపైన రుద్దేశాడు. పన్నెండో మెట్టు మీద బ్రష్షు పెట్టి రెండు చారలు లాగాడు. పదో మెట్టుకి దిగాడు. తలెత్తి చూశాడు. బ్రష్షు గాల్లో ఆగిపోయింది.

పన్నెండో మెట్టు మీద రంగు పరుచుకున్నట్టే పరుచుకుని, ఎవరో ఊదినట్టు అక్కడక్కడా వెనక్కి తగ్గింది. పెసరగింజంత గుండ్రటి ఖాళీలు. వాటిలోంచి పాత ఎరుపు తొంగి చూస్తోంది. మళ్ళీ పూశాడు. మళ్ళీ విడిపోయింది.

మెట్ల కింద నిలబడ్డ మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. షెడ్డులో వీటిని 'కళ్ళు' అంటారు. మైనం తగిలిన చోట రంగు నిలవదు, కళ్ళు పడతాయి. అందుకే మైనం డబ్బాను రంగు గదిలోకి రానివ్వరు. తెచ్చిన కుర్రాళ్ళను తిట్టి పోసేది మేస్త్రే. ఇలా జరుగుతుందని ఆ మెట్ల మీద బ్రష్షు పడక ముందే తెలిసిన మనిషి ఊరు మొత్తం మీద అతనొక్కడే.

బావమరిది గోటితో మెట్టు మూలన గీరాడు. గోటి కింద తెల్లటి పొట్టు చేరింది. వాసన చూశాడు. మెట్లన్నీ నెమ్మదిగా దిగొచ్చి ఆ గోరు బావ ముక్కు ముందు పెట్టాడు.

"ఇది మీ షెడ్డు వాసన బావా," అన్నాడు గొంతు తగ్గించి.

మేస్త్రి ముందుగది తలుపు వంక చూశాడు. అది ఓరగా వేసి ఉంది.

"ఎప్పుడు రాశావు?"

"ముందు రోజు."

"పడిన రోజుకి ముందు రోజా?"

తలూపాడు. బావమరిది అరుస్తాడనుకున్నాడు. కొడతాడని కూడా అనుకున్నాడు, కొడితే బాగుండుననీ అనుకున్నాడు. బావమరిది అరవలేదు. మెట్టు మీద కూర్చుని కాసేపు తన చేతులు చూసుకున్నాడు.

"మొన్న అక్క నాతో ఏమందో తెలుసా? మంచాన పడితే నన్ను చూడ్డానికి మీ బావకి ఓపికుండదురా, ఏదైనా హోములో వేసెయ్యండి అంది. నేను నవ్వేసి వచ్చాను. అమ్మ రోగమే అనుకున్నా నేను కూడా."

"చెబుదామనే అనుకుంటున్నారా. రోజూ అనుకుంటున్నా."

"రోజూ అనుకుంటే ఏడు వారాలయింది." లేచి, సంచిలోంచి గీకుడు రేకు తీసి బావ చేతిలో పెట్టాడు. "చెక్క కనిపించేదాకా గీకాలి. వేరే దారి లేదు. పూసింది నువ్వే, గీకేదీ నువ్వే. నేను రేపు ఏడింటికి వచ్చి పూత వేస్తా. అక్కకి నువ్వే చెప్పుకో. నా నోటి నుంచి వింటే నీ మొహం ఇంకెప్పుడూ చూడదు."

డబ్బా మూత బిగించి వెళ్ళిపోయాడు.

మేస్త్రి గీకడం మొదలుపెట్టాడు. కర్ర్... కర్ర్... ఇరవై రెండేళ్ళుగా పూతలు మెరిపించిన చేతులు పూత ఊడదీస్తున్నాయి. ఎరుపు పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. దాని కింద లప్పం. లప్పం కింద, ఎప్పుడో ఎవరో వేసిన నీలం. నీలం కింద చెక్క. కారుకి ఎక్కడ గీతుందో చూడకుండా చెప్పగలిగే వేళ్ళకు ఆ చెక్క గరుకుగా తగిలింది. ఒక మెట్టు అయ్యేసరికి అరచేతిలో పొక్కు లేచింది.

"ఏమండీ," లోపలి నుంచి ఆమె. "రంగేస్తానని వచ్చి వాడు వెళ్ళిపోయాడేంటి? ఆ చప్పుడేంటి?"

"పాత రంగు సరిగ్గా లేదు. తీసేస్తున్నా."

"బంగారంలా వేశారుగా పోయినేడు."

బంగారమనే మాట సూదిలా గుచ్చుకుంది. రేకు కింద పెట్టి, ఇప్పుడు చెప్పేస్తా అనుకుని ముందుగది దాకా వెళ్ళాడు. ఆమె కాలు దిండు మీద పెట్టుకుని, బొత్తాలు రంగుల వారీగా డబ్బాల్లోకి సర్దుతోంది. మిషన్‌తో పాటు అవి కూడా ఇచ్చేస్తుందట.

"ఏంటండీ?"

"ఏం లేదు. మంచినీళ్ళు."

"వంటగది అటుంది కదా."

వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు. ఇంకో మెట్టు గీకాడు. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి కిటికీ తీయనా అని అడిగాడు, అది తీసే ఉంది. మూడోసారి వెళ్ళేసరికి ఆమె ఎగాదిగా చూసి, "మీకు ఒంట్లో బాగానే ఉందా? ఓ చోట నిలబడరేంటి?" అంది. ఏవో పొడి మాటలు అని బయటపడ్డాడు. మనిషి మెట్లకీ మంచానికీ మధ్య మగ్గంలో నాడెలా తిరుగుతున్నాడు, మాట మాత్రం ఒక్కటీ పడటం లేదు.

ఎండ తిరిగే వేళకి పైనుంచి అయిదో మెట్టు దగ్గరికి వచ్చాడు. అక్కడ చెక్కలో వేలెడు పొడవున లోతైన గాటు. ఆ రోజు ఆమె చేతిలోంచి ఎగిరిపడిన కత్తెర దిగబడిన చోటు. అప్పుడు అతను చేసిన మొదటి పని ఏమిటో గుర్తొచ్చింది. ఆమె కింద మూలుగుతోంది, అతను పరిగెత్తుకొచ్చాడు, పరిగెత్తుకొచ్చిన వాడి కళ్ళు ముందు ఈ గాటు మీద పడ్డాయి. అయ్యో, పూత పోయిందే అనుకున్నాడు. ఒక్క క్షణమే. కానీ అనుకున్నాడు. ఆ క్షణాన్ని ఎవరూ చూడలేదు, అతను తప్ప.

రేకు పక్కన పెట్టి ఆ మెట్టు మీద కూలబడ్డాడు. బావమరిది అన్న మాటే నిజం. పూసింది తానే. తుడిచిందీ తానే. తప్పు మాత్రం ముందు ఒక జత చెప్పుల మీద వేశాడు, అవి కాదని తేలితే ఆమె ఎముకల మీద, చచ్చిపోయిన వాళ్ళమ్మ మీద వేసి ఊరుకున్నాడు.

అయినా ఆ రోజు చెప్పలేదు. పదమూడు మెట్లూ గీకాడు, పొట్టంతా ఊడ్చాడు, అన్నం కెలికి లేచాడు. మనిషికి ధైర్యం లేకపోతే పనిమంతుడవుతాడేమో.

ఆదివారం ఏడింటికి బావమరిది వచ్చాడు. మెట్లు చూశాడు, బావ మొహం చూశాడు. సరి మెట్లు ఆరింటికీ బూడిద రంగు పూసి, తడి మీద జల్లించిన ఇసుక చల్లాడు. రంగు ఈసారి బుద్ధిగా పరుచుకుంది. బేసి మెట్లు ఉత్త చెక్కతో ఉన్నాయి.

"మధ్యాహ్నానికి పైన పొర కడుతుంది. రేపటిదాకా జిగటే. బేసి మెట్ల మీదే ఎక్కాలి," అన్నాడు గట్టిగా, ఇంట్లో అందరూ వినేలా.

పదింటికి సరిగ్గా కొనే ఆవిడ వచ్చింది. నవ్వుమొహం, హడావిడి మనిషి. బయట ఆవిడ తమ్ముడు తోపుడు బండితో నిలబడ్డాడు. "పైన ఉందా అండీ? ఒకసారి కుట్టి చూసుకుంటాను, ఏమీ అనుకోకండి," అంటూ బావమరిది చూపించిన బేసి మెట్ల మీద గెంతుకుంటూ పైకెళ్ళింది. మేస్త్రి మెట్ల కింద నిలబడ్డాడు. చెయ్యి జేబులో గుడ్డను నలిపేస్తోంది.

పైన మిషన్ కదిలింది. టకటకటక. ఏడు వారాల తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు.

ముందుగదిలో ఆమె బొత్తాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని తలెత్తి వింటోంది. "మరీ తొందరగా తొక్కుతోంది," అంది తనలో తాను. "అలా తొక్కితే దారం తెగుతుంది. మడమ ముందు పెట్టాలి... నెమ్మదిగా... ఆఁ, అదీ."

మేస్త్రి తలుపు సందులోంచి చూశాడు. మంచం మీంచి దించిన ఆమె కుడికాలు నేల మీద ఆడుతోంది. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. స్క్రూలు బిగించిన చీలమండ నూనె వేసిన కీలులా పైకీ కిందికీ, పైకీ కిందికీ. ఆమెకు తెలియకుండానే ఆ కాలు మిషన్ తొక్కుతోంది. పైన ఆవిడ తప్పు తొక్కినప్పుడు ఆగుతోంది, సరిదిద్దుతోంది, మళ్ళీ తొక్కుతోంది.

పైన దారం టప్పున తెగింది. ఆమె కాలు కూడా ఆగిపోయింది. కళ్ళు తుడుచుకుంది.

అప్పుడు మేస్త్రి లోపలికి వెళ్ళాడు. కూర్చోలేదు. గుడ్డ తియ్యలేదు.

"నీ కాలికేం లేదు," అన్నాడు.

"ఊరుకోండి, ఇప్పుడెందుకు ఈ ఓదార్పులు."

"ఓదార్పు కాదు. మెట్ల మీద నేను మైనం రాశాను. కార్లకి రాసేది. నువ్వు పడిన ముందు రోజు, నువ్వు దుకాణానికి వెళ్ళినప్పుడు. నువ్వు చూడలేదని అలిగి చెప్పలేదు. ఆ మైనం మీద ఎవడైనా జారతాడు, పాతికేళ్ళ కుర్రాడైనా జారతాడు. చెప్పు జారిందని అందరికీ నేనే అబద్ధం చెప్పాను. తర్వాత నువ్వు మీ అమ్మ మాట ఎత్తావు. అప్పుడు కూడా నోరు మూసుకున్నాను."

ఆమె ఒళ్ళోని బొత్తాల డబ్బా తీసి పక్కన పెట్టింది. పైన ఆవిడ మెట్ల అంచుకొచ్చి "ఏవండీ, దారం తెగిందండీ!" అని కేక పెట్టింది.

"మైనమా," అంది ఆమె చివరికి.

"మైనం."

"మా అమ్మ పోయినప్పుడు కూడా నేనింత ఏడవలేదు తెలుసా, ఈ ఏడు వారాల్లో ఏడ్చినంత. మీరు షెడ్డుకి వెళ్ళాక. రోజూ ఈ కాలిని తిట్టాను. నాకంటే ముందు ముసలిదానివయ్యావే అని తిట్టాను. కొట్టాను కూడా." కాలి వంక చూసుకుంది. "పాపం దీనికేం తెలుసు!"

మంచం పట్టె పట్టుకుని లేచింది. పడ్డాక మేస్త్రి కొత్తగా కొనితెచ్చిన మూడు జతల చెప్పులు అక్కడే ఉన్నాయి. ఒకటీ తొడగలేదు. వట్టి కాళ్ళతో అతని పక్క నుంచి, అతను చాచిన చెయ్యి ముట్టుకోకుండా, మెట్ల దగ్గరికి నడిచింది.

"అక్కా, బేసి మెట్లు! సరివి తడి!" అన్నాడు బావమరిది కంగారుగా.

"ఇంకెవరి మాటా వినను. ఏ మెట్టు జారుతుందో నా కాలితో నేనే చూసుకుంటా."

మొదటి మెట్టు ఎక్కింది. కమ్మీ పట్టుకుని రెండోదాని మీద, ఆ జిగట రంగు మీద, ఇసుక మీద నిండుగా పాదం మోపింది. అది పట్టుకుంది. మూడు, నాలుగు, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ కలుపుకుంటూ ఎక్కింది. మూడో మెట్టు దగ్గర ఆగాలన్న సంగతే మర్చిపోయింది. ప్రతి సరి మెట్టు మీదా గుంటలా అచ్చు, ప్రతి బేసి మెట్టు మీదా బూడిదరంగు పాదం. కత్తెర గాటున్న మెట్టు మీద మాత్రం ఆగి నిలబడి, ఒకసారి బరువంతా వేసి తొక్కింది. పదమూడో మెట్టు దాటి చిన్న గదిలోకి వెళ్ళిపోయింది.

"లేవమ్మా, దారం నేనెక్కిస్తా. మిషన్ ఇవ్వనమ్మా. మాట తప్పుతున్నా, ఏమీ అనుకోకు. కావాలంటే రోజూ వచ్చి దీని మీదే నేర్చుకో, ఊరికే నేర్పుతా. నీకు తొక్కడం రాలేదింకా," అన్న మాటలు కిందికి వినిపించాయి. కొనే ఆవిడ ముఖం మాడ్చుకుని దిగి, బయటికెళ్ళేలోపే మనసు మార్చుకుని, "రేపు రానా అయితే?" అని కేకేసి మరీ వెళ్ళింది.

మేస్త్రి మెట్ల మొదట్లో నిలబడి ఆ అచ్చులు చూస్తున్నాడు. రంగు మీద ఈగ వాలినా ఓర్చుకోలేని మనిషి.

"బావా, ఇప్పుడే ఓ బ్రష్షు లాగితే కలిసిపోతాయి," అన్నాడు బావమరిది.

"వద్దురా. ఉండనీ."

"రెండో పూత వేసినా లోపల గుంటలు తెలుస్తాయి మరి."

"తెలియనీ."

పైన మొదలైన మిషన్ చప్పుడు ఆగింది. "ఏమండీ! కిరసనాయిలు పట్రండి. పాదాలకి రంగు ఎండిపోతోంది."

మేస్త్రి సీసా తీసుకుని బేసి మెట్ల మీద గెంతుకుంటూ పరిగెత్తాడు. తీరా పైకెళ్ళాక గుడ్డ తేలేదని తెలిసింది. జేబులోంచి పసుపు గుడ్డ తీసి కిరసనాయిల్లో ముంచాడు. ఆమె కుర్చీలో కూర్చుని, కుడికాలు అతని ముందుకు చాపింది. నేల మీద చతికిలబడి ఆ పాదాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. చీలమండ పక్కన కుట్ల మచ్చ జెర్రిలా ఉంది. దాన్ని ఇంత దగ్గర నుంచి చూడటం అతనికి ఇదే మొదలు.

"మీరు చెప్పు జారిందని ఎంతమందికి చెప్పారో, అంతమందికీ ఇది కూడా చెప్పాలి. డాక్టరుకి, పక్కింటాయనకి, మీ షెడ్డులో వాళ్ళకి. మీ నోటితోనే."

"చెబుతా."

"ఈ వారమే."

"రేపే."

"నాకు మీ మీద కోపం తగ్గలేదు. ఇప్పుడిప్పుడే తగ్గదు కూడా."

"ఊఁ."

రంగు వదిలింది. వేళ్ళ సందుల్లో ఇసుక రేణువులు వదిలాయి. అతను ఇంకా రుద్దుతూనే ఉన్నాడు. గుండ్రంగా, చిన్న చిన్న చుట్లు, ఇరవై రెండేళ్ళుగా అలవాటైన ఆ ఒక్క పద్ధతిలో, తల ఎత్తకుండా, కళ్ళల్లోంచి కారేది తుడుచుకోకుండా. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత కాలు మెల్లగా వెనక్కి లాక్కుని, మిషన్ కేసి తిరిగింది.

"చాల్లెండి. మెరవక్కర్లేదు."